ఇజ్రాయెల్ ఆయన బాణీ

సద్దుల బతుకమ్మ నాడు మా వాడ పరువును నా గొంతుతో నేనే తీశాను. ఇది మీరు ఇంకొకరి నోట వినే బదులు నేనే చెబుతాను, కాస్త తగ్గించి చెప్పుకునే వీలైనా ఉంటుంది.

నా గొంతు మీరు వినలేదు. బండ మీద రేకు డబ్బా ఈడ్చినట్టుంటుంది. అయినా కొత్తకోట దాపున మా ఊళ్లో బతుకమ్మ ఆటకు పాట ఎత్తేది నేనే. నేనొక మాట అంటే చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా ఆ మాట అనాలి. మా ఆయన పోయాక పసుపు కుంకుమల దగ్గరికి నన్ను పిలవడం మానేశారు. పాట ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఆ గుంపులో నేను నిలబడే చోటే లేదు.

ఆ ఏడు పక్కింటి యాదమ్మ దానికీ ఎసరు పెట్టింది.

"వదినా, ఎన్నేండ్లు పాడుతవు గవే పాటలు? ఈసారి డీజే పెట్టిస్త. నువ్వు జర కూసో."

"కొత్త పాట నేను తెస్త. గది బాగలేకపోతే వచ్చే ఏడు నీ డబ్బాలే మోగనియ్యి," అన్నాను. నోరు నాది, ఊరుకోదు.

కొత్త పాట ఎక్కడ దొరుకుతుంది? మనవరాలి చేతిలోని ఫోన్లో దొరికింది. నేను తెల్లారకముందే కలుపుకు పోయి సాయంత్రం తిరిగొచ్చేసరికి పిల్ల ఎప్పుడూ ఒకటే పాట చూస్తుండేది. నెరిసిన గడ్డంతో ఒకాయన పిల్లల నడుమ చిన్న ఎర్రటి పీట మీద కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిళ్లు బిగించి, ముఖం ఆకాశానికెత్తి పాడుతున్నాడు. నుదుటి మీద నరం కూడా ఉబ్బింది. నాకు ఒళ్లు జలదరించింది.

"ఎవరే ఈయన?" అని కోడలు సుజాతను అడిగాను.

"ఇజ్రాయెల్ ఆయన అత్తమ్మా. మా తమ్ముడు ఆడ ముసలాయన్ని చూసుకునే పనిల ఉన్నడు గద, గాడే పంపిండు. ఈయన మొదలు పెద్ద పెద్ద సభలల్ల ప్రేమ పాటలు పాడెటోడంట. జనం మస్తు వచ్చెటోళ్లంట. తర్వాత గవన్నీ ఇడిసిపెట్టి..."

అంతలో అన్నం పొంగింది. సుజాత పొయ్యి దగ్గరికి ఉరికింది.

మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను. ప్రేమ పాటలు విడిచాడు, గడ్డం పెంచాడు, కళ్లు మూసుకున్నాడు. వైరాగ్యం కాక ఇంకేముంటుంది? దేవుడి కోసం అంత ప్రయాస పడడం మా గుడి పూజారిలో కూడా చూడలేదు. ఆ బాణీకి గౌరమ్మ మాటలు అల్లుకున్నాను. యాదమ్మ చెవిన పడుతుందని ఇంట్లో ఒక్కసారి కూడా పాడలేదు. పొలంలో కొంగలకు వినిపించాను. కొంగలు లేచిపోయాయి. అప్పుడైనా ఆగవలసింది.

పండుగ నాడు తంగేడు, గునుగు పూల బతుకమ్మలను వరుసగా పెట్టారు. పాట ఎత్తాను. ఆడవాళ్లు అందుకున్నారు, చప్పట్లు కలిశాయి, యాదమ్మ కూడా అడుగు కలిపింది. నేను ఆ ఇజ్రాయెల్ భక్తుడిలాగే కళ్లు మూసి, పిడికిళ్లు బిగించి, ముఖం పైకెత్తాను. కళ్లు తెరిస్తే సుజాత అవతల నుంచి చేతులు ఊపుతోంది. మెచ్చుకుంటోందనుకుని గొంతు పెంచాను.

ఆ బాణీ చెవిన పడగానే, ఎక్కడెక్కడో ఆడుకుంటున్న చిన్న పిల్లలంతా పరుగున వచ్చారు. లాగులు జార్చారు. బతుకమ్మల చుట్టూ బారుగా కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు, పిడికిళ్లు బిగించారు, ముఖాలు ఆకాశానికెత్తారు. అందరికంటే ముందు నా మనవరాలు. కొందరు పని కూడా కానిచ్చారు.

"ఆపు అత్తమ్మా," అంటూ సుజాత వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "గది పొద్దుగాల పోరగాండ్లను దొడ్డికి కూసోబెట్టే పాట. వాడల తల్లులందరికీ నేనే పంపిన."

"మరి ప్రేమ పాటలు ఇడిసిండంటివి గదనే?"

"ఇడిసిండు. పిలిచెటోళ్లు లేక పిల్లల పాటలకు వచ్చిండు. గా మాట చెప్పెలోపే అన్నం పొంగె."

యాదమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, "పాట మంచిగనే పనిచేసింది వదినా," అంది.

తలకాయ భూమిలో దాచుకుందామంటే ఆ భూమి కూడా శుభ్రంగా లేదు. బతుకమ్మలను పక్క జాగాకు మోసుకుపోయారు. నేను బిందెతో నీళ్లు మోశాను. తర్వాత చాలా రోజులు అందరూ పోయాకే కుళాయి దగ్గరికి పోయాను. నేను చెబుతుంటే ఇది రాస్తూ సుజాత నవ్వుతోంది. నవ్వు తర్వాత, ముందు రాయమన్నాను.

అప్పటి నుంచి మా వాడలో డీజే మోగుతోంది. నేను అరుగు మీద కూర్చుంటాను. కానీ తెల్లారితే ఏదో ఒక తల్లి తలుపు కొడుతుంది.

"పెద్దమ్మా, ఫోన్ల చార్జింగ్ లేదు, మా పోరడు కూసుంటలేడు. జర వచ్చి పాడవా?"

పోతున్నాను. సభలు పోయాక ఇజ్రాయెల్ ఆయన ఎక్కడికి చేరాడో నేనూ అక్కడికే చేరాను. ఆయనకైనా ఎర్రటి పీట ఉంది.

అందుకే గౌరమ్మ మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను: ఇకమీద ఎంతటి మహానుభావుడు కళ్లు మూసుకుని కనబడినా, ఏం చేస్తున్నాడో అడిగి తెలుసుకోకుండా చేతులు జోడించను.