మా అత్త అరుపూ, నా థైరాయిడ్ పరీక్షా

ఆ రోజుల్లో పట్టుదల అంటే నాదే అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే అందులో సగం భయమే. కామర్స్ చదివినవాడికి మాదాపూర్ గుట్టల మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఉద్యోగమంటే మాటలా? అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పింది విని టైపు కొట్టాలి. ముందు శిక్షణ, చివర డాక్టరమ్మ దగ్గర నోటి పరీక్ష. తప్పితే ఇంటికే. ఇల్లంటే కొత్తగూడలో మా మేనత్త ఇల్లు. అక్కడ మామ, జీడిమెట్ల కెమికల్ ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించే పని మాట్లాడిపెట్టి నా కోసం సిద్ధంగా ఉన్నాడు. (ఆ ఫ్యాక్టరీ వాసన ఆయన కంటే ముందు గుమ్మం దాటేది.)

అందుకని గ్రంథులన్నీ కసిగా నేర్చాను. క్లోమం ఇన్సులిన్ వదిలి రక్తంలో చక్కెరను అదుపులో పెడుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు, భయం వేస్తే గుండెను పరుగెత్తిస్తాయి. (ఇది చదవకుండానే తెలిసింది.) థైరాయిడ్ దగ్గర మాత్రం బండి ఆగింది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోను పంపి, గొంతు దగ్గరి థైరాయిడ్‌తో పని చేయిస్తుంది. మరి థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ తగ్గాలి కదా? పుస్తకమేమో పెరుగుతుందంటుంది! అచ్చుతప్పు అనుకుని ఇంకో పుస్తకం తిరగేశాను. అదీ అంతే. "బట్టీ పట్టెయ్ రా బాబూ" అన్నారు తోటివాళ్లు. నేను మొండిఘటాన్ని. అర్థం కానిదే ఆ ముక్క మింగనని భీష్మించుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున్న. మా ఇంట్లో నీళ్ల పద్ధతి ఒకటుంది. అత్త డాబా మీద బట్టలుతుకుతూ నీళ్ల కోసం అరుస్తుంది, కింద నేను సంపు మోటారు వేస్తాను. ట్యాంకు నిండితే అరుపు ఆపుతుంది, నేను మోటారు ఆపుతాను. (నిండిందని నోటితో చెప్పడం మా అత్తకు నామోషీ.) ఆ పొద్దున మోటారు గాలి పట్టి ఊరికే తిరుగుతోంది, నీళ్లు ఎక్కడం లేదు.

"ఒరేయ్, మోటర్ ఎయ్యిరా! గిట్ల జేస్తున్నవేందిరా? నీళ్లేవి?" అత్త అరుపు గల్లీ చివరిదాకా పాకింది. ఎదురింటి భీమవరం అంకుల్ కంగారుగా బయటికొచ్చాడు. "మీ అత్తగారు అంతలా అరుస్తున్నారేంటండి? ట్యాంకు పొంగిపోతున్నట్టుంది, మోటారు ఆపెయ్యండి!"

"పొంగి కాదంకుల్, నీళ్లు రాకనే అరుస్తోంది. ఎంత రాకపోతే అంత అరుస్తుంది" అన్నాను. ఆ మాట నోట్లోంచి రాగానే పుస్తకంలో పెరిగిన టీఎస్‌హెచ్ గుర్తొచ్చింది. మోటారు సంగతి మామకు వదిలేసి ఆఫీసుకు పరుగెత్తాను.

"టీఎస్‌హెచ్ బాగా పెరిగింది. థైరాయిడ్ ఎలా ఉన్నట్టండి?" డాక్టరమ్మ అడిగారు. నా ముందువాడు "జోరుగా ఉన్నట్టు మేడమ్" అన్నాడు. ఆమె వాడి పేరు మీద గీత కొట్టారు. నా వంతు వచ్చింది. "పడకేసినట్టు మేడమ్. నీళ్లు రాలేదని డాబా మీద మా అత్త అరుస్తోంది" అని, మోటారు కథంతా చెప్పాను. గది గొల్లుమంది. ఆమె నవ్వలేదు.

"మరి అత్తగారు అరవడం ఆపేశాక కూడా ట్యాంకు పొంగుతూనే ఉంటే?"

"మోటారు ఎవరి మాటా వినడం లేదన్నట్టు మేడమ్. థైరాయిడ్ పెచ్చుమీరింది, టీఎస్‌హెచ్ పడిపోయింది."

"రేపు పనిలోకి రండి" అన్నారామె, అప్పుడు నవ్వి.

ఇంటికెళ్లి, "కొలువు నీ పుణ్యమే అత్తమ్మా, ఒంట్లో పిట్యూటరీ ఎట్లనో ఇంట్లో నువ్వట్ల" అన్నాను. అదెంత ఉంటదని అడిగింది. శనగ గింజంత అన్నాను. "ఇల్లు మొత్తం నేను నడిపిస్తే శనగ గింజంటవారా!" అని గరిటెతో వెంటపడింది.

మర్నాటి నుంచి మాత్రం ఇల్లు మారిపోయింది. "లెవ్వురా, సదువురా, కొలువు జూస్కోరా" అని తెల్లారితే నా మీద పడే అరుపు ఒక్కసారిగా ఆగిపోయింది. నా పక్కన చాయ్ పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోయేది. గదినిండా జనానికి పాఠం చెప్పొచ్చిన మేధావిని, నాకు భయం పట్టుకుంది. కొన్నాళ్లు ఓర్చి, చివరికి అడిగేశాను: "అత్తమ్మా, నా మీద అలిగినవా?"

"అలుగుడేందిరా," అంది బట్టలు పిండుతూ, "కొలువొచ్చె, ఇగ నీ ఫికర్ లేదు నాకు."

ఆ వెర్రి కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అత్త పోయి చాలా కాలమైంది. అన్నీ సమకూరిన ఇంట్లో పొద్దున్నే లేచి కూర్చుంటే, ఎవరైనా నన్ను ఒక్క కేక వేస్తే బాగుండునని ఉంటుంది.