మూడో గదిలో నాగరత్నం

మొన్న రేపల్లె దగ్గర ఒక పాత మేడకు సున్నం వేస్తున్నారు. ఆ తడి సున్నం వాసన ముక్కుకు తగలగానే శారదమ్మ టీచరు గుర్తొచ్చారు. అరవైల చివర్లో, తెనాలిలో నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఆమె మాకు చరిత్ర చెప్పేవారు. పొట్టి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఒక శనివారం ఆమె మా తరగతి ఆడపిల్లలందరినీ రైల్లో రేపల్లె తీసుకెళ్ళి, ఆ పక్క ఊళ్ళో ఉన్న జమీందారుగారి దివాణం చూపించారు. వారసులు పట్నంలో ఉండేవారు. వచ్చినవాళ్ళకు మేడ చూపించడానికి ఒక ముసలి గుమాస్తా ఉన్నాడు. నిలువుటద్దాలు, పల్లకీ, దంతపు పిడుల కత్తులు చూసి మేం నోళ్ళు తెరిచాం. అన్నీ అయ్యాక టీచరు, "వెనక దాసీల గదులు కూడా చూపించండి" అన్నారు.

"అక్కడేముందండీ, గబ్బిలాల కంపు తప్ప" అన్నాడు గుమాస్తా.

"పర్లేదండి. దారి నాకు తెలుసు."

వంటశాల వెనక, చెమ్మెక్కిన గోడల నుంచి తడి సున్నం వాసన కొడుతూ, వరసగా ఏడు గదులు. ఒక్కదానికీ కిటికీ లేదు. తల వంచితే గాని లోపలికి వెళ్ళలేం. "గడియ ఎటువైపుందో చూడండమ్మా" అన్నారు టీచరు. బయటవైపే ఉంది.

"ఇవన్నీ మీకెలా తెలుసు టీచర్?" అని అడిగాను.

"మూడో గదిలో మా అమ్మ ఉండేది. రాణిగారి పెళ్ళిలో వెండి బిందెలతో పాటు మా అమ్మనీ అరణంగా ఇచ్చి పంపారు. అప్పటికి ఆమెకి తొమ్మిదేళ్ళు. పేరు నాగరత్నం."

ఆ గదుల్లో బతికిన ఆడవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పి మాచేత రాయించారు. "రాజుల పేర్లు పుస్తకంలో ఉంటాయి. ఇవి ఉండవు" అన్నారు.

ఆ దివాణం వాళ్ళు మా నాన్నగారికి దూరపు చుట్టాలు. సంగతి తెలిసి ఆయన మండిపడ్డారు. "ఆ పేజీ చించెయ్" అన్నారు. ఆయన చూస్తుండగానే ఒక కాగితం చించి పొయ్యిలో వేశాను. వేసింది వేరే పేజీ. నాన్నగారూ మరికొందరూ కలిసి పైవాళ్ళకు అర్జీ పెట్టారు. మూడు నెలల్లో టీచరును బాపట్ల బదిలీ చేశారు. ఆమె వెళ్ళే రోజున మొహం చూపించలేక నేను బడి మానేశాను.

డెబ్భైల్లో టీచరు ట్రైనింగుకు బాపట్ల వెళ్ళినప్పుడు ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను, "ఆ అర్జీ మీద మా నాన్నగారూ సంతకం పెట్టారండి."

"తెలుసమ్మా. నువ్వు రాసుకున్న పేర్లు ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"మరింకేం. కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందాం."

ఆవేళ వంకాయ కూర, చింతకాయ పచ్చడి. కొసరి కొసరి వడ్డించారు. తల వంచుకుని తింటుంటే, "ఉప్పు తక్కువైందా ఏంటి, కళ్ళనీళ్ళు కలుపుకుంటున్నావ్" అని నవ్వారు. బదిలీ గురించి ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు.

తర్వాత ముప్పై ఏళ్ళు నేనూ చరిత్రే చెప్పాను. యుద్ధాల సంవత్సరాలు తప్పు రాసిన పిల్లల్ని ఎన్నడూ కోప్పడలేదు. "టీచర్, ఆ కోట కట్టిన కూలీలు ఎక్కడ పడుకునేవారు?" అని ఏ పిల్లయినా లేచి అడిగితే మాత్రం పాఠం ఆపేసి, ఆ గంటంతా దాని మీదే మాట్లాడేదాన్ని.