బండి వచ్చిందంటే ఏమిటి?

బండి అంటే ఏమిటి? నవ్వకండి. ఎనభైల్లో నరసరావుపేట స్టేషన్ పక్క గదిలో కూర్చుని మేం వారం రోజులు కొట్టుకున్నది ఈ ముక్క మీదే. రైళ్ళ ఆచూకీని ఎప్పటికైనా కంప్యూటరుకు ఎక్కించాలట. ఆ యంత్రం ఇంకా రాలేదు. అది వచ్చేలోగా ఏ మాటకు ఏ అర్థమో తేల్చిపెట్టడం మా ఉద్యోగం.

ఇంజను దారిలో మారుతుంది. పెట్టెలూ మారతాయి. మరి మారకుండా మిగిలే బండి ఏది? నేను అడిగిన కొద్దీ మా పెద్దసారుకు విసుగు.

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందయ్యా నీ వరస! బండంటే నంబరు. ఆ నంబరు స్టేషన్ చేరితే బండి వచ్చినట్టే. రాసెయ్.”

“పెట్టెలు తగ్గితేనో సార్?”

“తగ్గనీవయ్యా!”

ఒళ్ళు మండింది. ఉద్యోగం కదా, రాశాను.

నిజానికి నాకు ఆలూ ఉంది, చూలూ ఉంది. నా భార్య వినుకొండలో పుట్టింట్లో ఉంది. నెలలు నిండాయి. అక్కడి డాక్టరమ్మ నరసరావుపేటలో చూపించమంటే, మర్నాడు తల్లిని తోడు తీసుకుని పొద్దుటి బండికి బయల్దేరింది.

బండి వచ్చింది. చెప్పిన టైముకే. ఇంజను దగ్గర్నుంచి చివరిదాకా పరుగెత్తాను. లేదు. మళ్ళీ మొదటికొచ్చాను. లేదు. గార్డును పట్టుకున్నాను.

“ఆఖరి పెట్టె ఇరుసు కాగిందండీ. ఎనక స్టేషన్లో ఇప్పి పెట్టొచ్చాం. జనాన్ని ముందు పెట్టెల్లో ఎక్కమన్నాం.”

“ఎక్కలేనోళ్ళో?”

“బండి ఆపలేం గదండీ.”

ఆ తొక్కిసలాటలో నిండు చూలాలు ఎలా ఎక్కుతుంది? స్టేషన్ మాస్టరు ఆ వెనక స్టేషనుకు ఫోను చేసి అడిగితే, ఎవరో ఆడవాళ్ళు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచారని చెప్పారట. ఎవరో! ఎదురెళ్దామంటే ఏ బస్సుకని వెళ్ళను? నేనటు పోతే వాళ్ళిటు వస్తేనో? కాలుకాలిన పిల్లిలా స్టేషన్ లోపలికీ బయటికీ తిరిగాను. పెద్దసారు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే విదిలించేశాను.

“బండి వచ్చింది కదా సార్, రాసుకోండి!” అని అరిచాను.

ఆయన నాతోపాటే ఎండలో నిలబడ్డారు.

మధ్యాహ్నానికి బస్టాండు నుంచి రిక్షాలో వచ్చి దిగింది, తల్లి భుజం పట్టుకుని. ముఖమంతా చెమట, ఒక కాలికి చెప్పు లేదు.

“బండి ఎప్పుడో వచ్చేసిందంటగా,” అంది నన్ను చూసి. “మరి ఆడ ఎండలో కూలబడ్డ మేమెవరం?”

నాకు ఏడుపొచ్చింది. పెద్దసారు తల దించుకున్నారు.

ఆ వారంలోనే పాప పుట్టింది. ఆయన ఆస్పత్రికి వచ్చి, “సోమలింగం కాదన్నమాట!” అని నవ్వి, బండి సంగతి నన్నే మళ్ళీ రాయమన్నారు. రాశాను. నంబరు వేరు, ఇంజను వేరు, పెట్టెలు వేరు. బయల్దేరిన పెట్టెల్లో ఏది ఎక్కడ ఆగిందో తేలకుండా బండి వచ్చిందని చెప్పరాదు. మనుషులకు మాత్రం ఆ రాతలో చోటు దొరకలేదు.

అందుకే ఇప్పటికీ ఎవరైనా బండొచ్చిందంటే నాకు కాలు నిలవదు. ఎవరు దిగారో చెప్పమంటాను.