పద్దెనిమిదో తీరు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని రోజుల్లో, ఎవరి జీవితాన్నైనా వరుస నంబర్లు వేసి ఒక కాగితంలో సర్దేయొచ్చని నాకు గట్టి నమ్మకం. అందుకే మా మేనత్త మా ఊరు రామన్నపేటకు వస్తోందని తెలియగానే ఆమె జీవితాన్ని ముప్పై ఒక్క అంశాలుగా రాశాను. మా వైపు మగ్గాల ఇండ్లలోంచి గణితంలో డాక్టరేట్ చేసిన మొదటి ఆడమనిషి ఆమె. (మొదటి పరిశోధన వ్యాసానికి ఎన్ని పేజీలో కూడా రాశాను.)

ఆమె వచ్చింది తనకు తమ్ముడి వరసయ్యే ఎదురింటి గ్రాఫు కాక కోసం. చీరల డిజైన్లు గళ్ల కాగితం మీద గీస్తాడు కనుక కాకకు ఆ పేరు. ఆయన కూతురు, నాకు చెల్లె వరస, ఎమ్మెస్సీ లెక్కల్లో సీటు తెచ్చుకుంది. బీఈడీ చాలు, యూనివర్సిటీకి పంపనని కాక పట్టు. చేరడానికి ఎల్లుండే గడువు. ఆయన్ని నా కాగితంతో ఒప్పిస్తానని అత్తను వెంటబెట్టుకుని బయల్దేరాను. పందొమ్మిదో అంశం దాకా ఓపిక పట్టి, "గిదంతా మంచిదే కొడుకా. గిన్నేండ్లు చదివి అక్క చేసిందేంది?" అన్నాడు. నేను 'సౌష్ఠవ సమూహాలు' అని మొదలుపెట్టగానే లేచి మగ్గం గుంటలోకి దిగాడు.

"నువ్వు జర ఊకో అల్లుడా," అంది అత్త. "తమ్మీ, రంగులు పక్కన పెట్టు. ఒక డిజైన్ బట్టంతా మళ్ల మళ్ల వచ్చే తీర్లు పదిహేడే. అది పాతోళ్లు తేల్చింది. నా పని దాని మీద నిలవడ్డది."

"పదిహేడా! పొద్దుగూకే లోపల యాభై చూపెడ్త."

మధ్యాహ్నమంతా గీశాడు. అత్త, చెల్లె ఆ కాగితాలను నేల మీద కుప్పలుగా వేరుచేశారు. "గిది కొత్తదే!" అని కాక అంటే, "పువ్వు తీసి చిలుకను పెట్టినవ్ బాపూ, తిరుగుడు పాతదే," అనేది చెల్లె. అంతలో అత్త ఒక కుప్పలో వేసిన కాగితాన్ని చెల్లె తీసి పక్క కుప్పలో పెట్టింది. "ఇది ఉత్త అద్దంల బొమ్మ కాదు అత్తమ్మా. సగం జరిగి మడత వడ్డది." అత్త ఒప్పుకోలేదు. నేనూ అత్త పక్షమే (పట్టా ఉన్నవాణ్ణి కదా). అత్త కండ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"అవునే! నేనే తప్పు," అంటూ మురిసిపోయింది.

కాక పెన్సిల్ ఆగిపోయింది. "నువ్వు తప్పా అక్కా? మా పోరి కరెక్టా?"

"నీ పోరే కరెక్టు."

ఆయన కాగితాన్ని, కూతురిని మార్చి మార్చి చూశాడు. "ఎల్లుండి పొద్దుగాల బస్సు ఎన్నింటికే?" అన్నాడు.

మేనత్త గురించి ఎవరడిగినా ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటే: తన తప్పు బయటపడ్డప్పుడు అంత సంతోషపడ్డ మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. చెల్లె ఇప్పుడు పరిశోధన చేస్తోంది. కాక మాత్రం ఇంకా నెలకోసారి నాకు ఫోన్‌లో ఫోటో పంపుతాడు, "గిది చూడు, పద్దెనిమిదోది" అని. రుజువైన సిద్ధాంతం తప్పు కాదని నాకు తెలుసు. అయినా ఆ ఫోటో తెరుచుకునే లోపు, ఈసారి కాక గెలిస్తే బాగుండునని అనుకుంటాను.