పైజామాకి రెండో కాలు

కత్తెరత్తయ్య చేతికి చిక్కిన పాత బట్ట గడప దాటడమన్నది లేదు. దుప్పటి చిరిగితే దిండు గలీబు, గలీబు చిరిగితే మసిగుడ్డ, ఆ తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టా. అందుకే ఆవిడకి కత్తెరత్తయ్య అని పేరు పెట్టారు ఇంట్లోవాళ్లు. ఒక్కటే నియమం, చిరగని బట్టకి కత్తెర పెట్టదు. "బాగున్న గుడ్డ కోస్తే చేతులు పడిపోతాయని మా అమ్మ అనేది" అంటుంది.

అల్లుడుగారు మేనేజరైన వారమే ఆయన చారల పైజామా మోకాలి దగ్గర చిరిగింది. ఇంకేముంది, ఒక కాలు ఊడదీసి భోజనం సంచి కుట్టిచ్చింది. మూతి బిగించడానికి పైజామా బొందే! ఆయనకి చల్లారిన తిండి తింటే కడుపునొప్పి. ఆ సంచిలో భోజనం మధ్యాహ్నానికి కూడా పొగలు కక్కేది. అదంతా తను కొత్తగా కొన్న టిఫిను డబ్బా మహిమ అనుకున్నాడాయన.

"సంచికి బొందేంటి సార్?" అంది ఆఫీసులో టైపిస్టు.

"కొత్త ఫ్యాషను."

"మా నాన్న ఎప్పట్నుంచో ఆ ఫ్యాషన్లోనే పడుకుంటున్నారు సార్!"

గది గదంతా గొల్లుమంది. మేనేజరుగారికి తల కొట్టేసినట్టయింది. సాయంత్రం బస్సులో సంచిని సీటు కిందకి తోసేసి, డబ్బా చంకన పెట్టుకుని దిగిపోయాడు.

"సంచి పోయిందండీ అత్తయ్యగారూ" అన్నాడు, మొహం దిగాలుగా పెట్టి.

"దానికంత బాధెందుకు బాబూ! పైజామాకి రెండు కాళ్లుంటాయిగా!"

మర్నాడు రెండో కాలు భుజానికెక్కింది. కానీ ఆ మధ్యాహ్నం భోజనం చల్లగా చచ్చింది. ఇంటికొచ్చి అదే అడిగాడు.

"ఇందులో శాలువా లేదుగా బాబూ. పాతదాంట్లో లోపల శాలువా వేసి కుట్టాను. నాకున్నది అదొక్కటే."

"నేను కొనిచ్చిందా? చిరిగిపోయిందా?"

"చిరగడమేంటి, నిక్షేపంలా ఉంది. మీ కడుపునొప్పి చూడలేక కోసేశాను. పైనుంచి మా అమ్మ చూడకపోతే చాలు."

అల్లుడుగారికి చచ్చేంత సిగ్గేసింది. ఆ చేతుల వంక చూడలేకపోయాడు. తెల్లారగానే బస్సు డిపోకి పరిగెత్తి, పోయిన వస్తువుల కిటికీ ముందు నిలబడ్డాడు. వెనక పెద్ద క్యూ.

"చారల సంచులు బోలెడు. గుర్తేంటి?" అన్నాడు గుమాస్తా.

"మా పైజామా కాలండీ! ఇదిగో, ఇది రెండోది!" అని అందరికీ వినబడేలా అరిచి సంచి పైకెత్తాడు. క్యూ అంతా విరగబడి నవ్వింది.

గుమాస్తా బల్ల కింద నుంచి సంచి తీశాడు. అందులోంచి తన డబ్బా బయటికి లాగి, ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చాడు. "భలే వేడిగా ఉంచుతోందండీ!"

సాయంత్రం అల్లుడుగారు తల దించుకుని నిజం చెప్పేశాడు. "అది పోలేదండీ, సిగ్గుపడి నేనే వదిలేశాను."

"తెలుసు బాబూ. లోపలి డబ్బా ఇంటికొచ్చి, సంచి ఒక్కటే ఎలా పోతుంది?" అంది కత్తెరత్తయ్య. ఆమె చూపు అప్పుడే ఆయన పాంటు మీద పడింది. "ఆ మోకాలు కాస్త పలచబడ్డట్టుందే! ఏదీ, ఓసారి ఇటు తిరగండి."