ఎదురెదురు డయోడ్లు

మా యూనిట్‌లో ఏ బోర్డు పనిచేయకపోయినా తప్పు టంకానిదే. పైకి మెరుస్తూ లోపల అతుక్కోని టంకాన్ని డ్రై సోల్డర్ అంటారు. చూసినవాళ్లూ చూడనివాళ్లూ అదే మాట అనేవాళ్లు. చెడిన బోర్డులకు మళ్లీ టంకం పెట్టడం నా పని కాబట్టి ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

బోరు మోటార్ల స్టార్టర్లలో పెట్టే బోర్డులు చేసేవాళ్లం. పోచంపల్లి నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఒక వారం మా వదిన కూడా అక్కడే ట్రయల్ మీద చేరింది. గుంట మగ్గంలో కూర్చుని కూర్చుని ఆమె మోకాళ్లు పోయాయి. ఇక గుంటలో దిగొద్దని దవాఖానలో చెప్పారు. కుర్చీలో కూర్చుని చేసే పని దొరికిందని ఆమెకు ఒకటే సంబరం. బోర్డు రంధ్రాల్లో డయోడ్లు గుచ్చాలి, అంతే. డయోడ్‌కు ఒక చివర వెండి గీత ఉంటుంది. ఆ గీత తిరగబడితే కరెంటు అవతలికి పోదు.

ఆమె వచ్చిన వారమే బోర్డులు సగానికి సగం చావడం మొదలైంది. మా సూపర్‌వైజర్ పాలమూరు ఆమె, మాట కటువు.

"మీ వదిన వచ్చినంకనే గిట్లయితాంది. సాయంత్రం దాంక చూస్త. తేలకపోతే ఆమెను పంపిచ్చేస్త," అంది నాతో.

టంకం కరిగించి మళ్లీ పెట్టాను. బోర్డు మీది దీపం వెలగలేదు. భూతద్దంలో చూస్తే ప్రతి చుక్కా శుభ్రంగా ఉంది. విసుగొచ్చి, కాలుతున్న టంకం ఐరన్‌ను స్టాండులో పడేసి వదిన బల్ల దగ్గరికి వెళ్లాను.

అక్కడ రెండేసి బోర్డులు ఒకే రేకుగా పక్కపక్కన ఉన్నాయి. టంకంలో ముంచి విడగొట్టాకే నా దగ్గరికి వస్తాయి కనుక వాటిని జంటగా నేను చూసింది లేదు. ఎడమ బోర్డులో గీత కుడికి ఉంది. కుడి బోర్డులో ఎడమకు ఉంది. చీర అంచులో చిలుకల్లా ఎదురెదురు! మా ఇళ్లలో నూలును మడత పెట్టి రంగుకు కడతాం, మడత విప్పితే రెండో చిలుక దానంతటదే మొదటిదానికి ఎదురుగా తిరుగుతుంది. గీత ఎటుండాలో చూపే గుర్తు ఈసారి వచ్చిన బోర్డుల మీద అచ్చుపడలేదు. నమూనాగా ఆమె ముందు పెట్టిందేమో ఒంటి బోర్డు.

"వదినా, గిది గిట్ల తిప్పి పెట్టినవేంది?"

"రెండూ ఒక్క దిక్కే చూస్తే ఏం బాగుంటది పిల్లా? జోడ గదా!"

నవ్వొచ్చింది. మరుక్షణం భయమేసింది. దాచేది కాదు, సూపర్‌వైజర్‌ను పిలిచి చూపించాను.

"ఏందమ్మా! చీర నేస్తున్నవా, బోర్డు చేస్తున్నవా?"

వదిన బల్ల పట్టుకుని లేచి నిలబడింది.

"తిట్టుండ్రి మేడం, పడత. పొమ్మనకుండ్రి. మళ్ల గుంటల దిగితే నేను లేవలేను."

సూపర్‌వైజర్ రేకు తీసుకుని మధ్యకు పుటుక్కున విరిచింది.

"ఈమెకు ఇగ విడగొట్టినంకనే ఇయ్యుండ్రి. జోడ కనవడితే చేతులు ఊకుంటలెవ్వు."

చచ్చిన బోర్డుల్లో డయోడ్లు ఊడదీసి తిప్పి పెట్టాను. అన్నీ వెలిగాయి. సాయంత్రం వదినను పనిలో ఖాయం చేశారు.

బస్టాపులో నిలబడి ఆమె మా అన్నకు ఫోన్ చేసింది. అన్న ఆటో నడుపుతాడు. "ఉంచుకున్నరు! ఇగ గా మగ్గం అడిగినోళ్లకు ఇచ్చెయ్యి. గుంట పూడిస్తే జాగైతది, మంచం ఏసుకుందం," అంది. ముఖం వెలిగిపోతోంది.

అది మా నాయిన మగ్గం. ఆయన పోయాక దాని మీద కూర్చున్నది ఈ కోడలు ఒక్కతే. కన్నబిడ్డలం మేమిద్దరం ఏనాడూ దిగలేదు. గుంట పూడుస్తారంటే నాకు ఏడుపొచ్చింది. వద్దనబోయి ఆగాను. వద్దంటే, "అయితే నువ్వు దిగు" అంటుంది. నేను దిగను.

"మట్టి ఎక్కడ దొరుకుతది?" అని అడిగింది నన్ను. చెప్పాను.