ఖంగుమనని పాకం

ఆ పార్కు మూసేశారని విన్నరోజు పల్లీ చిక్కీ చేసుకుని తిన్నాను. పాపమో పుణ్యమో నాకనవసరం. చదువుకునే రోజుల్లో రెండేళ్ళపాటు శని, ఆదివారాలు అక్కడ పొయ్యి దగ్గర ఉడికాను కాబట్టి ఆ సంతోషం మీద నాకు హక్కుంది.

సిడ్నీకి గంటన్నర దూరంలో, తెల్లవాళ్ళు ఓడలు దిగిన తొలినాళ్ళ ఊరు ఇలా ఉండేదంటూ కట్టిన పార్కు అది. మట్టి వీధి, చెక్క వరండాలు, కమ్మరి కొలిమి, కొవ్వొత్తుల కొట్టు, రొట్టెల బట్టీ, పాతకాలపు గౌన్లు తొడిగి ఫొటోలు తీసే దుకాణం. రోజుకి రెండుసార్లు నడివీధిలో ఖైదీకి ఉత్తుత్తి కొరడా దెబ్బలు. రెండొందల ఏళ్ళనాటి వీధి అని మైకులో ఊదరగొట్టేవాళ్ళు గానీ, దానికి మా నాన్నంత వయసు కూడా లేదు. అంతకుముందు ఆ నేల ఎవరిదో ఏ బోర్డు మీదా రాసి ఉండేది కాదు.

నాది మిఠాయి కొట్టు. ముందు గాజు జాడీలు, పెద్ద బల్ల. వెనక వంటగది. మధ్యలో ఒక కిటికీ. నేను వెనక పంచదార పాకం కాచి కిటికీలోంచి గిన్నె అందిస్తే, ముందు మా సూపర్‌వైజరు జనం ఎదుట దాన్ని సాగదీసి మిఠాయి చేసేది. యాభై దాటిన మనిషి, తలకి రిబ్బన్ల టోపీ. నాకూ ఆ టోపీ పెట్టుకుని బల్ల దగ్గర నిలబడాలని మహా సరదాగా ఉండేది. నవ్వితే నవ్వండి, ఇరవై మూడేళ్ళ పిల్లని. చేరిన నెలలోనే అడిగేశాను.

"డార్లింగ్, హిస్టరీ ఈజ్ హిస్టరీ. ఆ కాలంలో మీలాంటివాళ్ళు ఇక్కడ లేరు కదా" అంది, భుజం తట్టి మరీ. చరిత్రే కాబోలు అనుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

రెండో ఏడు పాకం కొలిచే థర్మామీటరు పగిలింది. నేనేం కంగారుపడలేదు. నా లంచ్ సంచిలోంచి స్టీలు పళ్ళెం తీశాను. తెనాలి నుంచి తెచ్చుకున్నది, అంచు మీద చుక్కల అక్షరాలతో మా అమ్మ పేరు కొట్టించి ఉంటుంది. పాకం చుక్క నీళ్ళలో వేసి, ఉండ చేసి, పళ్ళేనికేసి కొడితే ఖంగుమనాలి. అప్పుడది ముదురు పాకం. అమ్మ దగ్గర చూసి నేర్చుకున్నదే. కిటికీలోంచి సూపర్‌వైజరు గుడ్లప్పగించి చూసింది.

వారం తిరిగి వెళ్ళేసరికి, వంటగదిలో మర్చిపోయిన నా పళ్ళెం ముందు బల్ల మీదుంది. "మా ముత్తవ్వ పాకాన్ని ఇలాగే పరీక్షించేదట" అని ఆవిడ ఉండ విసిరింది. ఖంగుమంది. చప్పట్లు. అంతటితో ఊరుకుందా? మా అమ్మ పేరు మీద వేలు పెట్టి, ఇది ఆనాటి కమ్మరి ముద్ర అని పిల్లలకి చూపించింది. నాకు ఒళ్ళంతా కారం పూసినట్టు మండింది.

సిడ్నీలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే హారిస్ పార్క్ పేటలో నాతో గది పంచుకున్న కరీంనగర్ అక్కకి చెప్పాను.

"గా దొరసాని మీ అమ్మ పేరును కమ్మరోళ్ళ ముద్ర అంటాంటే, నువ్వు కిటికీల నిలవడి సూసుకుంట ఉన్నవా? ఛీ!"

"జాబ్ పోతుందేమోనని అక్కా."

"పోతే పోనీయే! ఈడ స్వీట్ షాపులు లేవా ఏంది?"

నేను కోపమొస్తే అరవను, దాచుకుంటాను. పార్కు వార్షికోత్సవం దాకా దాచుకున్నాను. ఆరోజు మా వరండా ముందు ఇసకేస్తే రాలనంత జనం. నేను ఒక గిన్నె ముదరనివ్వకుండా, మెత్తటి ఉండపాకం దగ్గరే దించేసి, నవ్వుతూ కిటికీలోంచి ఇచ్చాను. రెండో గిన్నె ముదరడానికి పొయ్యి మీదే ఉంచాను.

ఆవిడ ముత్తవ్వ కథ చెప్పి, చెయ్యెత్తి ఉండ విసిరింది. తపుక్! పళ్ళేనికి అతుక్కుపోయింది. ఇంకోటి. తపుక్! ఒక పిల్ల కిసుక్కుమంది, ఆ తర్వాత అందరూ. ఆవిడ ముఖం కందగడ్డ అయింది. నా కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు.

అప్పుడు జీన్సు, ఏప్రన్‌తోనే రెండో గిన్నె పట్టుకుని ముందుకొచ్చాను. ఉండ చేసి విసిరాను. ఖంగుమంది. "ఇది మా అమ్మ పద్ధతి. ఈ పళ్ళెం మీదున్నది మా అమ్మ పేరు" అన్నాను అందరికీ వినబడేలా.

ఆవిడ తడబడుతుందనుకున్నాను. నా భుజం చుట్టూ చెయ్యేసింది! "చూశారా! ఆ రోజుల్లో ఇండియా నుంచి వచ్చినవాళ్ళు గుర్రబ్బండ్ల మీద సరుకులేసుకుని మన ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళు. ఇదిగో, మన కొట్టుకీ ఒకమ్మాయి వచ్చింది!" జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

అంటే తెలుసు. మాలాంటివాళ్ళు ఆ కాలంలో ఇక్కడున్నారని ఆవిడకి మొదటినుంచీ తెలుసు. తెలిసే నన్ను రెండేళ్ళు కిటికీ వెనక కూర్చోబెట్టింది.

అంతలో ఆవిడ తన టోపీ తీసి నా తలకి పెట్టింది. ఎన్నాళ్ళు కలగన్న టోపీ! దాన్ని తీసి, మొదటి గిన్నెలో జిగురుగా మిగిలిన పాకంలో రిబ్బన్లతో సహా ముంచాను. గిన్నె అడుక్కి తగిలేదాకా గరిటెతో నొక్కాను. అమ్మ పళ్ళెం చంకన పెట్టుకుని, ఖైదీని కొడుతున్న నడివీధిలోంచి బస్టాపుకి నడిచాను.